అప్‌డేట్: నెయ్యి, పాలు లేకుండా బర్త్‌డే స్వీట్లు చేశాను

మా పాప పుట్టినరోజుకు, పాలు పడని తన ఫ్రెండ్ కూడా తినేలా ఓవెన్ లేకుండా ఏం చేయొచ్చని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పార్టీ బాగా జరిగింది.

ముందు శెనక్కాయ ఉండల గురించి చెప్పాలి. అనంతపురంలో ఉంటూ బాదం, జీడిపప్పు వెంట పడటం ఎందుకని ఒక అక్క అన్న మాట నిజం. కప్పు శెనక్కాయ విత్తనాలు సన్న మంట మీద దోరగా వేయించి, పొట్టు తీసి, మిక్సీలో ఆపి ఆపి తిప్పాను. కాసేపటికి పొడి మిక్సీ జార్ అంచులకు అతుక్కుంటూ నూనె వదలడం మొదలైంది. అప్పుడు గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు ముప్పావు కప్పు, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి వేసి మళ్లీ తిప్పితే చుక్క నెయ్యి లేకుండానే ఉండ కట్టింది. పైన ఎండుకొబ్బరి తురుము.

కొబ్బరినూనెతో చాక్లెట్ బార్లు చేయమని కొందరన్నారు. ఆ నూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మన ఎండలకు ప్లేటులో నిలవదని వద్దనుకున్నాను. బదులుగా బెల్లం పాకంతో బొరుగుల ఉండలు చేశాను, పిల్లలకు అవే ఎక్కువ నచ్చాయి.

పాలు పడని ఆ ఫ్రెండ్ బాబు ప్రతిదీ "తినొచ్చా ఆంటీ?" అని అడిగి మరీ తీసుకున్నాడు. అన్నీ తినొచ్చని చెప్పగలిగినందుకు ఎంత సంతోషమేసిందో!

చాక్లెట్‌తో చేయాలనుకునేవాళ్లు డార్క్ చాక్లెట్ ప్యాకెట్ వెనక పాలపొడి ఉందేమో చూడండి, చాలావాటిలో ఉంటుంది. వీగన్‌లో, అంటే జంతువుల నుంచి వచ్చేవేవీ వాడని వంటలో, తేనె కూడా వాడరు. శెనక్కాయలు పడనివాళ్లు ఉంటారు కాబట్టి పిల్లల అమ్మలకు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.