కోకెర్ కొండ మీది దారి: కియరోస్తామీ చిత్రంపై చర్చ

ఐదో తరగతి టీచరు:
ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తామీ 1987లో తీసిన ‘ఖానే-యె దూస్త్ కొజాస్త్’ (స్నేహితుడి ఇల్లు ఎక్కడ?) చిత్రాన్ని మా బడి పిల్లలకు చూపించాలని ఉంది. పొరపాటున తన దగ్గరికి వచ్చిన స్నేహితుడి నోటుపుస్తకాన్ని తిరిగి ఇవ్వడానికి, అహ్మద్ అనే పిల్లవాడు కోకెర్ నుంచి పక్క ఊరు పొష్తేకు వెళ్లి అతని ఇల్లు వెతికే కథ అది. 83 నిమిషాలు వాళ్లు కుదురుగా కూర్చుంటారా? తెలుగు సబ్‌టైటిళ్లు దొరుకుతాయా? నటన ఎరుగని పల్లె పిల్లల చేత అంత సహజంగా ఎలా చేయించారో తెలిసినవారు చెప్పగలరు.

వాస్తవవాది:
కొండ మీద మెలికలు తిరిగే ఆ దారిని చిత్రం కోసమే వేయించారని తెలిసిన రోజు నా మనసు చివుక్కుమంది. కోకెర్, పొష్తే నిజమైన ఊళ్లే, మనుషులూ ఆ చుట్టుపక్కలవాళ్లే. పిల్లవాడు పరుగెత్తే దారిని మాత్రం కల్పించి, దాన్ని నవవాస్తవికత, అంటే నిజమైన చోట్ల మామూలు మనుషులతో బతుకును ఉన్నదున్నట్టు చూపే పద్ధతి, అనడం ఎలా సబబు?

ఫిలిం సొసైటీ పాతకాపు:
ఇరవై రెండేళ్లుగా ప్రదర్శనలు ఏర్పాటు చేసి, చర్చలు నడిపినవాడిగా చెబుతున్నాను, ఈ అభ్యంతరం నిలవదు. 1948 నాటి ‘సైకిల్ దొంగలు’లో తండ్రి వేషం వేసినవాడు ఫ్యాక్టరీ కార్మికుడే అయినా, ఆ రోమ్ వీధుల దృశ్యాలను ఇటలీ దర్శకుడు దె సికా జనాన్ని కూడగట్టి, ఎంతో ముందస్తు ఏర్పాటుతో తీశాడు. నవవాస్తవికతకు పేరుపడ్డ చిత్రమే అది.

వాస్తవవాది:
మీ ఇరవై రెండేళ్లు నా ప్రశ్నకు జవాబు కావు. జనాన్ని కూడగట్టడం వేరు, కొండను తవ్వడం వేరు. కియరోస్తామీ అక్కడే తీసిన 1994 చిత్రంలో అదే దారి మళ్లీ కనిపిస్తే, చూసేవారు అది ఊరి పాత బాటే అనుకుంటారు. నేనూ అలాగే నమ్మాను, అందుకే ఇంత బాధ.

ఫిలిం సొసైటీ పాతకాపు:
కోపం తగ్గాక మరొక్కసారి చూడండి. ఆ మెలికలు లేకపోతే, నోటుపుస్తకం పట్టుకుని అహ్మద్ ఒంటరిగా ఎక్కే దూరం మన కంటికి ఆనేది కాదు.

పాతబస్తీ పాఠకుడు:
దారి గొడవలో చిత్రం పేరును మరిచారు. అది ఇరాన్ కవి సోహ్రాబ్ సెపెహ్రీ కవితలోని మొదటి ప్రశ్న. మన దోస్తూ, దవాఖానాలోని ఖానా ఆ రెండు మాటలే కనుక, హైదరాబాదులో పెరిగిన నాకు ఆ పేరు విన్న వెంటనే అర్థమైంది.

పెద్ద మనవడు:
నాకు అహ్మద్ తాత దృశ్యమే గుండెలో గుచ్చుకుంది. జేబులో సిగరెట్లు ఉండగానే, చెప్పిన మాట వినడం నేర్పాలని మనవణ్ణి సిగరెట్లకు పంపుతాడు. తన తండ్రి వారానికొక నాణెం ఇచ్చి, పదిహేను రోజులకొకసారి కొట్టేవాడని, నాణెం మరిచినా దెబ్బలు మాత్రం మరిచేవాడు కాదని గొప్పగా చెప్పుకుంటాడు. మా ఇంట్లోనూ దెబ్బలను పెంపకమనే అన్నారు. ఆ మాట నేనిప్పటికీ ఒప్పుకోలేను.

వాస్తవవాది:
ఆ దృశ్యం విషయంలో మీతో ఏకీభవిస్తాను. 1990 జూన్ భూకంపం ఆ ప్రాంతాన్ని నేలమట్టం చేశాక, ఆ పిల్లల కోసం దర్శకుడు వెతుక్కుంటూ వెళ్లాడని తెలిసినప్పటి నుంచి ఆ ముఖాలను తేలిగ్గా చూడలేకపోతున్నాను. దారి గురించి మాత్రం నా మాట మారదు.

ఐదో తరగతి టీచరు:
సబ్‌టైటిళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు కనుక, మాటలను నేనే తెలుగులో రాసుకుని, పక్కన నిలబడి చదువుతూ నిన్న చూపించాను. మధ్యలో ఇద్దరు నిద్రపోయారు. తీగ మీద ఆరేసిన గోధుమరంగు ప్యాంటును చూసి, స్నేహితుడిదేననుకుని అహ్మద్ ఆగినప్పుడు మాత్రం, వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, “అది వాడిది కాదు, ఇంకొకరిది, అక్కడ ఆగొద్దు” అని అరిచింది.