ఇంటి మిషన్‌పై జీన్స్ అంచు కుట్టడం ఎలా?

ప్రశ్న (గుంటూరు): మా అబ్బాయి జీన్స్ పొడవు తగ్గించి అంచు కుడుతుంటే, పక్క కుట్టు దగ్గరకు రాగానే సూది విరిగిపోతోంది. ఉపాయం చెప్పగలరా?

జవాబు (విజయవాడ): జీన్స్ కోసమే వచ్చే 16 నంబరు సూది వేసి, కుట్టు పొడవును 3 నుంచి 4 మిల్లీమీటర్లకు పెంచండి. దళసరిగా ఉన్న ఆ మడతను ముందుగా సుత్తితో కొట్టి అణచండి. బట్టను నొక్కిపట్టే మిషన్ ఫుట్ దానిపైకి ఎక్కేటప్పుడు ముందు భాగం పైకి లేస్తుంది కాబట్టి, వెనక భాగం కింద మడిచిన డెనిమ్ ముక్కను పెట్టి, మోటారును నమ్ముకోకుండా చక్రాన్ని చేత్తో తిప్పడమే మేలు.

మరో జవాబు (గుంటూరు): పైన లావు దారం ఎక్కించినా బాబిన్‌లో (కింది దారం చుట్టే చిన్న రీలులో) మామూలు దారమే ఉంచండి.

ఇంకో జవాబు (విజయవాడ): కొత్త జీన్స్ అయితే, నూలు బట్ట కుదించుకుపోతుంది కనుక, ఉతికి ఆరబెట్టిన తరువాతే కత్తిరించండి.