ఎత్తు మీద ఇంజిన్ ఆగిపోతే ఫెయిలేనా? బండి వెనక్కి జారలేదు మరి

గాజువాక కుర్రోడు:
నిన్న కారు టెస్ట్ పోయింది గురూ. ఎనిమిది వేశాను, రివర్స్‌లో హెచ్ కూడా ఒక్క కర్ర తగలకుండా తీశాను, ఆఖర్న ఎత్తు మీద ఆపి మళ్ళీ ఎక్కించమన్నారు, కంగార్లో క్లచ్ వదిలేశాను, టప్పున ఆఫ్. కానీ హ్యాండ్ బ్రేక్ లాగి ఉంది, అంగుళం కూడా వెనక్కి రాలేదు, మళ్ళీ స్టార్ట్ చేసి ఎక్కించేశాను కూడా. అయినా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు కాయితం మీద ఏదో గీకి వారం పోయాక రమ్మన్నారు. ఇదేం న్యాయం?

హనుమంతవాక బాధితుడు:
న్యాయమే. సాయంత్రం ఆరింటికి మా జంక్షన్లో అలా ఆపి చూడు, వెనకాల ఆర్టీసీ బస్సు వాడు హారన్‌తోనే నిన్ను తోసేస్తాడు 😀

మాజీ డ్రైవింగ్ మాస్టారు:
తమ్ముడూ, సెంట్రల్ మోటారు వాహనాల రూల్స్ 1989లో 15వ రూల్ చూడు. ఎత్తులో మళ్ళీ కదిలించేటప్పుడు వెనక్కి జారకూడదని ఉంటుంది, అందులో నువ్వు పాసే. కానీ బండి సాఫీగా కదలాలని కూడా అక్కడే ఉంది, ఆయన అది పట్టుకునుంటారు. నా లెక్కలో ఒక్కసారి ఆగడం కంగారు, రెండోసారీ ఆగితే క్లచ్ రానట్టు. నేనైతే ఇంకో ఛాన్స్ ఇచ్చేవాణ్ణి. అసలు పోయేది అద్దం దగ్గర. సిగ్నల్ వేసే ముందు అద్దం చూడాలి కదా, మనవాళ్ళు కళ్ళు మాత్రం తిప్పుతారు, బయట నిలబడ్డాయనకి నీ కనుగుడ్లు ఏం కనపడతాయి? మెడ తిప్పండ్రా అని నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ణి.

మురళీనగర్ అక్క:
మాస్టారూ, మీరు ఛాన్స్ ఇస్తారు, ఇంకొకాయన ఇవ్వరు, గొడవంతా అదే కదండీ. స్కూటీ ఎనిమిదిలో కాలు ఒక్కసారి కింద పెట్టానని నన్ను పంపేశారు, నా వెనక అబ్బాయి హెల్మెట్ బెల్టు వేలాడేసుకుని తిరిగొచ్చి పాస్. ఫెయిల్ చేస్తే చేయండి, ఏ తప్పుకో ఒక్క ముక్క రాసి చేతికిస్తే అదే ప్రాక్టీస్ చేసుకుంటాం.

హనుమంతవాక బాధితుడు:
హెల్మెట్ సంగతి మాత్రం దారుణం అక్కా, అక్కడ నేను మీవైపే.

గాజువాక కుర్రోడు:
మాస్టారూ, నాకిది రెండోసారి. మళ్ళీ పోతే?

మాజీ డ్రైవింగ్ మాస్టారు:
ఏడు రోజులాగి మూడోది రాయొచ్చు. అదీ పోతే 60 రోజులు ఆగాలి. నీ ఎల్ఎల్ఆర్, అదే లెర్నర్ లైసెన్స్, ఆరు నెలలే, తేదీ చూసుకో.

గాజువాక కుర్రోడు:
ఇంకా రెండు నెలలుంది. ఆదివారం తెల్లారే మా బావని పక్కన కూర్చోబెట్టుకుని సింహాచలం ఘాట్‌లో హాఫ్ క్లచ్ మీదే పడతాను. వెనక ఎల్ బోర్డు ఊడిపోయింది, ముందు అది అంటించాలి.