"రాజీ పడ్డారు" అని రాస్తే పెదనాన్నకు కోపమొచ్చింది, తప్పు నాదేనా?

అడిగింది: గుణుపురం కుర్రాడు

నమస్తే అందరికీ. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, అందుకే రెండూ నాకు సగం సగమే వచ్చని ముందే ఒప్పేసుకుంటున్నా. పెరటి గోడ పక్కనున్న పనస చెట్టు గురించి మా నాన్నకీ పెదనాన్నకీ ఆరేళ్లుగా గొడవ. మొదలు మా వైపు, కాపంతా వాళ్ల వైపు. చిలికి చిలికి కోర్టు దాకా వెళ్లి, పోయిన నెల లోక్ అదాలత్‌లో తేలింది, కాయలు చెరి సగం. ఆ సంతోషంలో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో (టెక్కలి, పలాస, విశాఖ వాళ్లంతా ఉంటారు) "పెదనాన్న, నాన్న రాజీ పడ్డారు" అని పెట్టాను. పది నిమిషాల్లో పెదనాన్న గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే, "ఏటిరా, నేను పడ్డానా? ఎక్కడ పడ్డాను? రాజీ అయినాను, అంతే" అని పెట్టేశారు.

ఇక్కడ ఒడియాలో "ము రాజి" అంటే నాకు సమ్మతమే అని. కోర్టు కాగితం మీద రాజినామా అని ఉంది, దాని ఫొటో కూడా పెట్టాను, ఆ ముక్క మాత్రం తెలుగులో రాసి. అది చూసి విశాఖ అత్త "అన్నయ్య ఉద్యోగం మానేశాడా, ఇంకా రెండేళ్ల సర్వీసు ఉందిగా" అని ఏడుపు, అదో టెన్షన్. ఇంతకీ తెలుగులో రాజీ పడటం అంటే ఓడిపోవడమా? గ్రూపులో మళ్లీ ఏమని రాయాలి?

జవాబు: జీడితోట

పడు అని ఉంటే పడిపోయినట్టేనా? ఇష్టపడతాం, ముచ్చటపడతాం, ఊళ్లో స్థిరపడతాం. మీ పెదనాన్న వ్యాకరణం చూసి అలగలేదు, పేరు ముందు తనది పెట్టావు కదా, ముందు తగ్గింది తనేనని చుట్టాలందరికీ చాటినట్టు అనిపించి ఉంటుంది.

జవాబు: పాత దస్తావేజు

పర్లాఖిముండిలో ముప్పై ఏళ్లు దస్తావేజులు రాశాను కాబట్టి ఈ మాటతో నాకు కొంచెం చుట్టరికం ఉంది. రాజీ పారసీలో నడిచిన సర్కారు కచేరీల మీదుగా మనకొచ్చిన అరబ్బీ మాట, అసలు అర్థం సమ్మతించినవాడు, తృప్తి పడినవాడు. ఒడియా, హిందీ, మరాఠీ దాన్ని దాదాపు అలాగే ఉంచుకున్నాయి. మనం మాత్రం "కొంత వదులుకుని ఒప్పుకోవడం" దగ్గర ఆగాం. ఆ వదులుకోవడమే చెవికి గట్టిగా వినబడుతుంది, అందుకే "రాజీలేని పోరాటం" అంటే చప్పట్లు కొడతారు, "విలువల విషయంలో రాజీ పడ్డాడు" అంటే తిట్టు. కానీ "ఇద్దరికీ రాజీ కుదిరింది" అంటే ఎవరూ తిట్టనుకోరు. మాట ఒకటే, పక్కన చేరే క్రియని బట్టి రంగు మారుతుంది. రాజీ పడ్డాడు అంటే ఒకడి మీద వేలు పెట్టినట్టు, రాజీ కుదిరింది అంటే వేలు ఎవరి మీదా లేదు, రాజీ చేశారు అంటే మధ్యలో పెద్దమనుషులున్నారు.

రాజీనామా సంగతి ఇంకా తమాషా. నామా అంటే పత్రం, కాబట్టి రాజీనామా అంటే సమ్మతి పత్రం. ఒడియాలో నేటికీ ఒప్పందమనే అర్థం, ఉద్యోగం వదిలితే వాళ్లు ఇస్తఫా అంటారు. బొంబాయి ఇలాకాలో రైతు తన సాగు భూమిని వదులుకుంటూ సర్కారుకిచ్చే కాగితాన్ని రాజీనామా అనేవారు, దాన్ని తీసుకునేవాడు ఇచ్చేది కబూలాయతు. భూమి వదులుకునే కాగితం నుంచి పదవి వదులుకునే కాగితానికి ఎంత దూరం చెప్పండి. మీ అత్తయ్య గాబరాలో ఆవిడ తప్పేం లేదు.

ఇంకొకటి మీ పెదనాన్నకి చెప్పండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడిచ్చే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. నేను చూసిన వాటిలో ఎవరు గెలిచారని ఎక్కడా రాయరు, ఫలానా షరతులకి ఇరుపక్షాలూ ఒప్పుకున్నారు, కింద ఇద్దరి సంతకాలు, అంతే. ఆ ఫీజు కాగితం మాత్రం పారేయొద్దు.

జవాబు: సిరొంచ

మాది గోదావరి ఇవతలి ఒడ్డు, గడ్చిరోలి జిల్లా. మరాఠీలో మాత్రం రాజీనామా మన తెలుగులాగే ఉద్యోగం వదలడమే, మీ అత్తయ్య మా ఊరొస్తే ఇబ్బంది పడదు. రాజీకి ఇక్కడ తడజోడ్ అంటారు. మా దగ్గర తికమక పెట్టేది తంటా. మరాఠీలో తంటా అంటే తగాదా, మనకేమో తంటాలు పడటమంటే అవస్థ. 2007 ఆగస్టు 15న మహారాష్ట్ర సర్కారు గాంధీ పేరు మీద తంటాముక్త్ గావ్ (తగాదాల్లేని ఊరు) పథకం మొదలుపెట్టింది, ఊరి గొడవలు ఊరి సమితే కూర్చుని తీర్చాలి, బాగా తీర్చిన ఊళ్లకి బహుమతి. మా అమ్మమ్మ ఆ బోర్డు చదివి "తంటాలు లేని ఊరా? నీళ్ల పంపు ముందు బాగుచేయమను" అంది.

జవాబు: పాలకొండ ఆడపడుచు

అందరూ రాజీ దగ్గరే ఆగారు, ఇంట్లో ఎక్కువగా వినబడేది అది కాదు, "సర్దుకుపో". రాజీకి కనీసం ఇద్దరు కావాలి, సర్దుకుపోవడానికి ఒక్కరు చాలు, ఆ ఒక్కరు ఎప్పుడూ కోడలే. నాకు పెళ్లయి రాయగడ వచ్చిన కొత్తలో రోజుకి మూడుసార్లు విన్నాను. అందుకని గ్రూపులో సర్దుకున్నారు అని మాత్రం రాయకు, మీ పెద్దమ్మ కూడా వెళ్లిపోతుంది.

సయోధ్య కూడా వద్దు, అది పేపర్లలోనే బతుకుతుంది. సరిహద్దులో ఉన్న కొటియా పల్లెల మీద ఆంధ్రా, ఒడిశా రెండూ 1968 నుంచి కోర్టు మెట్లెక్కి దిగుతున్నాయి కదా, అధికారులు కలిసి టీ తాగినప్పుడల్లా సయోధ్య అని హెడ్డింగు. పనస చెట్టుకి అంత మాటెందుకు? మా పక్కింటి చర్చి వాళ్లు "సమాధానపడ్డాం" అంటారు, నాకు ఆ మాట ఇష్టం, కానీ మీ చుట్టాలు ఎవరికి ఏం సమాధానం చెప్పారని అడుగుతారు, ఒడియా వాళ్లయితే సమస్య తీరిందనుకుంటారు, ఒక్క మాటకి మూడు ఇళ్లు.

జవాబు: జీడితోట

ఆ లెక్కన తగువు కూడా ఉంది. పాత తెలుగులో తగవు అంటే న్యాయం, తగినది అని. ఇప్పుడు తగువు అంటే కొట్లాట. తగువు తీర్చారు అంటే ఏది తీర్చినట్టో! మాటలు కుదిరాయి అని రాసెయ్, పేర్లు వద్దు.

అడిగింది: గుణుపురం కుర్రాడు

అందరికీ థ్యాంక్స్. పాతది డిలీట్ చేసి, "పనస చెట్టు విషయంలో మనవాళ్లకి మాట కుదిరింది, కాయలు చెరి సగం" అని పెట్టాను. దస్తావేజు గారు చెప్పిన డిక్రీ సంగతి పెదనాన్నకి చదివి వినిపించాను, గెలుపోటములు రాయరన్న దగ్గర ఇంకోసారి చదవమన్నారు. రాత్రి మళ్లీ గ్రూపులోకి వచ్చి, ఏమీ రాయకుండా నిచ్చెన వేసి కాయ దింపుతున్న ఫొటో పెట్టారు.

ఇప్పుడు నాన్నతో పేచీ. కుదిరింది అంటే దానంతటదే కుదిరినట్టుందట, ముందు మాట కదిపింది తనేనట, అది రాయమంటున్నాడు.