కరివేపాకు తిని పెరిగిన పురుగులు నిమ్మాకు ముట్టడం లేదు, ఎందుకు?

ప్రశ్న (రాజోలు పెరడు):
మా కరివేప మొక్క మీద నిమ్మ సీతాకోకచిలుక గుడ్లు పెట్టింది. పాపకి చూపిద్దామని తొమ్మిది పురుగుల్ని స్వీటు డబ్బాలో వేసి, పైన దోమతెర ముక్క కట్టాను. మొదట అచ్చం పిట్టరెట్టలా ఉండేవి. ఐదు ఆకుపచ్చగా మారాయి, ఆలస్యంగా పుట్టిన నాలుగు ఇంకా రెట్ట రంగులోనే ఉన్నాయి. మొన్న వానకి ప్రహరీ కూలి మొక్క పోయింది. నిమ్మాకు కూడా వీటి తిండే కదా అని లేత రెమ్మలు వేశాను. చిన్నవి గంటలో కొరకడం మొదలెట్టాయి. పెద్దవి ఆకు అంచుకి నోరు ఆనించి, తల వెనక్కి లాక్కుని, డబ్బా గోడంట తిరుగుతున్నాయి. రాత్రి ఒకటి చచ్చిపోయింది. పాప అన్నం తినలేదు. మొదట తగిలిన వాసనే వీటికి తిండి అనిపిస్తుందా?

జవాబు (అమలాపురం, రిటైరైన జువాలజీ లెక్చరర్):
వాసనొక్కటే కాదమ్మా, రుచి కూడా. అమెరికాలో పొగాకు, టమాటా ఆకులు తినే హాక్ మాత్ (రాత్రిపూట ఎగిరే ఒక రకం సీతాకోకచిలుక) పురుగు ఉంది. పుట్టగానే వేరే తిండి పెడితే రకరకాల ఆకులు తింటుంది. టమాటా జాతి ఆకు మీద పెరిగితే మాత్రం మరోదాన్ని ముట్టదు, పస్తుండి చస్తుంది. ఆ ఆకుల్లోని ఇండియోసైడ్ డి అనే పదార్థానికి దాని నోటి దగ్గరి రుచి కణాలు అలవాటు పడిపోతాయని 2001లో తేల్చారు. మీ పెద్దవీ కరివేపాకుకి అలాగే అలవాటు పడి ఉండొచ్చు, వెంటనే కరివేపాకే తెచ్చి పెట్టండి.

జవాబు (రావులపాలెం రైతు):
మాస్టారూ, పురుగు అటు పోవాలని మినుము చుట్టూ ఎర పంటగా ఆముదం వేస్తాం. ఆముదం మీద పెరిగిన లద్దె పురుగు రెక్కలొచ్చాక ఆముదం మీదకే వస్తుందా?

జవాబు (లెక్చరర్):
మంచి ప్రశ్న బాబూ. దాని దగ్గర చుట్టం, ఈజిప్టు పత్తి లద్దె పురుగులో తల్లి తాను చిన్నప్పుడు తిన్న మొక్క వైపు మొగ్గడం చూశారు. 2008లో ఇంకో ప్రయోగం జరిగింది. హాక్ మాత్ పురుగులకి గోళ్ల రంగు తుడిచే మందులాంటి వాసన చూపిస్తూ చిన్న షాక్ ఇచ్చారు. చివరి దశలో నేర్చుకున్నవి రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకి దూరంగా పోయాయి. మూడో దశలో నేర్చుకున్నవి మరిచిపోయాయి. ప్యూపాలో, అంటే గూటి దశలో, ఒళ్లు చాలావరకు కరిగి కొత్తగా తయారవుతుందే, అందులోంచి కూడా ఆ జ్ఞాపకం మిగిలింది! నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రాజోలు పెరడు:
పక్కింటి పిన్నిగారు కరివేపాకు ఇచ్చారండీ. మిగిలిన నాలుగు పెద్దవీ తింటున్నాయి. పాప వేలు పెడితే ఒకటి నారింజ రంగు కొమ్ములు బయటికి చాపింది. చిన్నవాటిని నిమ్మ రెమ్మ మీదే ఉంచేశాను.