ఎంఎస్‌సీలో ప్రాధాన్య కాల్స్: ఏ కౌంటర్‌ను నమ్మాలి?

స్విచ్‌గది: మా ఎంఎస్‌సీలో (మొబైల్ కాల్స్‌ను కలిపే స్విచ్) ఈఎంఎల్‌పీపీ పెట్టారు, అంటే ముఖ్యమైన కాల్స్‌కు ముందు చోటిచ్చే సదుపాయం. అది పనిచేస్తున్నదీ లేనిదీ రోజూ చూసి నివేదిక పంపడం నా పని. ప్రాధాన్య కాల్ కోసం ఎన్ని మామూలు కాల్స్ తెగాయో, ఎన్ని వరుసలో ఆగాయో ఎక్కడ కనిపిస్తుంది? కౌంటర్లను (పరికరాలు లెక్కపెట్టి ఉంచే సంఖ్యలను) ఎంత విరామంతో తీస్తున్నారు? పరీక్ష ఎలా చేస్తున్నారు?

రాత్రిడ్యూటీ: పదిహేను నిమిషాల సగటును మాత్రం నమ్మకండి. రద్దీ రెండు నిమిషాలు ఉండి పోతుంది, సగటులో దాని జాడే మిగలదు. ప్రాధాన్య కాల్ వెళ్లలేదని మాకు ఫిర్యాదు వచ్చిన రోజు నివేదికలో ఒక్క లోపమూ లేదు! గరిష్ఠ విలువ చూపే కౌంటర్ ఉంటే అదే తీయండి.

పాతకాపు: కౌంటర్లు ఎందుకండీ, సీడీఆర్ (ప్రతి కాల్ వివరాల రికార్డు) ఉండగా? కాల్ ఎందుకు ముగిసిందో అంకెల్లో చెప్పే ప్రమాణం క్యూ.850లో విడుదల కారణం 8 అంటే ప్రీఎంప్షన్, పై స్థాయి కాల్ కోసం తెంచడమన్నమాట. 9 అంటే ప్రీఎంప్షనే, కాకపోతే సర్క్యూట్‌ను మళ్లీ వాడుకోవడానికి అట్టిపెట్టారని అర్థం. ఐఎస్‌యూపీ ట్రంకులు (స్విచ్‌ల మధ్య లైన్లు) కొత్తగా వచ్చిన రోజుల నుంచి నేను ఈ రెండు అంకెలే వెతుకుతున్నాను.

బేస్‌స్టేషన్: ట్రంకుల మీద అది నిజమే. కానీ రేడియో చానల్‌ను లాక్కునేది బీఎస్‌సీ (టవర్లను నడిపే కంట్రోలర్) కదా? ఎంఎస్‌సీకి కాల్ ముగించమని క్లియర్ రిక్వెస్ట్ వస్తుంది, అందులోని కారణం సీడీఆర్‌లో ఏ అంకెగా పడుతుందో తయారీదారుని బట్టి మారుతుంది. 8 కనిపించలేదని కాల్స్ తెగలేదనుకోవద్దు.

నాలుగోతరం: ఇంకా ఎంఎస్‌సీ దగ్గరే ఉన్నారా? ఎల్‌టీఈకి (4జీ) వచ్చి వాయిస్‌కు క్యూసీఐ (సేవ నాణ్యత తరగతి) 1 ఇస్తే ప్రాధాన్యం దానంతట అదే వస్తుంది.

బేస్‌స్టేషన్: రాదు! ఈ మాట విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. చోటు దొరికిన తర్వాత ప్యాకెట్లను ఎలా పంపాలో చెప్పేది క్యూసీఐ. అసలు చోటివ్వాలా, ఇవ్వడానికి ఎవరిని తప్పించాలి అన్నది తేల్చేది ఏఆర్‌పీ. 1 నుంచి 15 వరకు స్థాయిలు, 1 అన్నిటికన్నా పైది.

నాలుగోతరం: క్యూసీఐ 1కి ఆలస్య పరిమితి 100 మిల్లీసెకన్లు. ఆ హామీ నిలబెట్టాలంటే షెడ్యూలర్ (ప్యాకెట్ల వరుస తేల్చేది) ముందు దాన్నే చూడాలి కదా?

బేస్‌స్టేషన్: సెల్ నిండిపోయి బేరరే (కాల్ డేటా వెళ్లే దారి) పుట్టకపోతే షెడ్యూలర్ దేన్ని చూస్తుంది? ఏఆర్‌పీలో ఇంకో రెండు గుర్తులున్నాయి: ఇతరులను తప్పించగలదా, తనను ఇతరులు తప్పించవచ్చా. మామూలు చందాదారుల్లో ఎవరినీ తప్పించకూడదని పెట్టిన నెట్‌వర్క్‌లో ప్రాధాన్య కాల్ ఎవరి చోటు తీసుకుంటుంది? ముందు ఆ అమరికను తనిఖీ చేయండి.

పట్టాలమనిషి: రైల్వేల మొబైల్ నెట్‌వర్క్ జీఎస్‌ఎం-ఆర్‌లో రైల్వే అత్యవసర కాల్‌కు ఈఎంఎల్‌పీపీ స్థాయి 0. ఆ కాల్ కోసం మిగతావి తెగాల్సిందే, అందులో చర్చకు తావు లేదు.

రాత్రిడ్యూటీ: ప్రజల నెట్‌వర్క్‌లో అలా కుదరదండీ. తెగే కాల్‌లో ఎవరో అంబులెన్సును పిలుస్తూ ఉండవచ్చు. అత్యవసర నంబర్ల కాల్స్‌కు ఆపరేటర్ ఏ స్థాయి ఇచ్చారో చూడకుండా ఈ సదుపాయం పెట్టడం నేరం.

స్విచ్‌గది: సీడీఆర్‌లు వెతికాను, 8 ఒక్కటీ లేదు. మరి పరీక్ష సంగతి ఎవరూ చెప్పలేదు.

పాతకాపు: ప్రయోగశాలలో ఒకే టీఆర్‌ఎక్స్ (రేడియో యూనిట్) ఉన్న సెల్ తీసుకోండి. అన్నిటికన్నా కింది స్థాయి 4 సిమ్‌లతో చానళ్లన్నీ నింపి, స్థాయి 0 సిమ్ నుంచి కాల్ చేయండి. సిమ్‌లోనూ హెచ్‌ఎల్‌ఆర్‌లోనూ (చందాదారుల డేటాబేస్) స్థాయి ఒకటే ఉండాలి. అప్పుడు తెగిన కాల్ సీడీఆర్‌లో ఏ అంకె పడిందో చూడండి. రోజూ వెతకాల్సింది దాన్నే.

బేస్‌స్టేషన్: అదే సమయంలో బీఎస్‌సీ కౌంటర్ కూడా తీసి పక్కన పెట్టుకోండి. రెండూ కలవకపోతే ఇక్కడ రాయండి.