ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను: ఈ దప్పెను ఏకవచనమా, బహువచనమా?

చిక్కడపల్లి తమ్ముడు:
అందరికీ నమస్కారం. మూడు రోజుల్నుంచి ఒక పద్యపాదం బుర్రలోంచి పోవట్లేదు. మా చెల్లి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతోంది, సాయంత్రం సెంట్రల్ లైబ్రరీ నుంచి వచ్చాక గంటసేపు నేనే ఇంగ్లిష్ చెప్తున్నా. టైర్ వన్‌లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, ఒక్కోటి 2 మార్కులు, తప్పయితే అర మార్కు కోత, అందుకని స్పాట్ ది ఎర్రర్‌లో సబ్జెక్ట్ వెర్బ్ అగ్రిమెంట్ ఒక్కటైనా గట్టిగా పట్టేద్దామని కూర్చున్నాం. మొన్న "ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ వర్ నాట్ గుడ్" అని ఇస్తే తప్పేమీ లేదు అంది. పక్కనే మ్యాంగోస్ ఉంది కాబట్టి వర్ సరిపోయింది అనుకుంది. అసలు కర్త క్వాలిటీ కదా, కర్తను బట్టే క్రియ, తెలుగులోనూ అంతే, మామిడికాయలు వచ్చాయి అంటాం గానీ వచ్చింది అనం కదా అన్నా. అది పెన్ను పక్కన పెట్టి, "మరి పోతన ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను అన్నాడు కదన్నా, ప్రాణంబులు అని దప్పెను ఏంటి" అంది. నాకు నోట మాట రాలేదు. అసలు పాఠం దప్పెనునేనా, ఇంకేదైనా ఉందా? బడిలో అప్పజెప్పిన పద్యం, ఇప్పుడు పూర్తిగా గుర్తులేదు.

తార్నాక మాస్టారు:
పాఠం అదే నాయనా.
లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
అష్టమ స్కంధం, గజేంద్రమోక్షం. మీ చెల్లెలు అడిగింది మంచి ప్రశ్న, ఎంతోమంది ఈ పద్యం కంఠతా చదివేసి ఇక్కడ ఒక్క క్షణం కూడా ఆగరు.

కూకట్‌పల్లి:
ఛందస్సు కోసం అలా వాడుకుని ఉంటాడండీ. బహువచనం పడితే గణం చెడుతుంది కాబట్టి ఏకవచనం వేశాడు, కవులకు ఆ స్వేచ్ఛ ఉంటుంది కదా.

తార్నాక మాస్టారు:
చెడదు బాబూ, గణాలు కట్టి చూడండి. శార్దూలం, మ స జ స త త గ. ఠావుల్ ద, ఇది మగణం, అంటే మూడూ గురువులు. ప్పెను మూ, ఇది సగణం, అంటే రెండు లఘువులు ఒక గురువు. అక్కడ "దప్పిరి" వేసి చూడండి, ప్పిరి మూ, అచ్చంగా అదే సగణం. ఠా కి డ తో యతి, దానికీ ఏమీ కాదు. కాబట్టి ఛందస్సు ఆయన చెయ్యి పట్టుకోలేదు. ప్రాణాలు మనుషులు కావు కాబట్టి ఇరి పెట్టలేదు, అంతే. వాడు వచ్చెను, అది వచ్చెను, అవి వచ్చెను, వారు వచ్చిరి. పాత తెలుగులో మనుషులు కాని వాటికి ఏకవచనమైనా బహువచనమైనా క్రియ ఒకటే.

మలక్‌పేట అన్న:
మాస్టారు చెప్పింది కరెక్టే, గని సగమే చెప్పిండ్రు. ఇప్పుడు మనం అనే వచ్చాయి యాడికెల్లి వచ్చింది? వచ్చినవి, వచ్చినాయి, వచ్చాయి. మా దిక్కు ఇప్పటికీ వచ్చినయ్ అంటం, ఆ న ఇంకా పోలే. అట్లనే వచ్చింది అంటే వచ్చినది. అంటే ఈ రెండిట్ల అది, అవి అనే మాటలే తోకలెక్క అతుక్కొని ఉన్నయ్. తోక ఉంది కాబట్టి అగ్రిమెంట్ వచ్చింది. వచ్చెనుల ఆ తోక లేదు, కాబట్టి అది అన్నా అవి అన్నా ఒకటే. ఒక్క గంటల బస్సులు వచ్చినయ్ అని మా అమ్మ అంటే నాకు వ్యాకరణం పుస్తకం విప్పినట్టే ఉంటది.

అల్వాల్ అత్తయ్య:
ఇద్దరూ క్రియ దగ్గరే ఉండిపోయారు, కర్త సంగతి చూడండి ముందు. ప్రాణంబులున్, ఆ చివరి న్ ఏమిటి? నాకు తెలిసి అది సముచ్చయం. ధైర్యం చెదిరింది, ప్రాణాలు కూడా అని. ఆ "కూడా" అన్నమాటలో ఏనుగు బాధంతా ఉంది. ముందు బలం పోయింది, తర్వాత ధైర్యం పోయింది, ఆఖరికి ప్రాణాలు కూడానా అని. ఆ న్ ని ఏదో పాదం చివర గురువు కోసం పెట్టాడు అనుకుంటే నాకు మనసొప్పదు.

తార్నాక మాస్టారు:
గురువు అక్కడ కావాలి కదమ్మా, పాదాంతం. రెండూ నిజమే కావచ్చు. ప్రాణంబులు అని వదిలితే లు లఘువు. కాస్త పక్కకు వెళ్తున్నాను, మన్నించండి. "దప్పెను" లో దకారం చూడండి. తప్పెను కదా మాట, ద ఎందుకు వచ్చింది? ప్రథమ మీద పరుషాలకు గసడదవలు, అంటే ప్రథమా విభక్తి మాట తర్వాత వచ్చే క చ ట త ప లు గ స డ ద వ లు అవుతాయి. అంటే ఠావుల్ ప్రథమా రూపం. అప్పుడు కర్త ప్రాణంబులా, ఠావులా? ఠావులే తప్పాయి అని కూడా అన్వయించవచ్చు కదా.

అల్వాల్ అత్తయ్య:
లేదండీ, జడాలకు ద్వితీయ బదులు ప్రథమ రావడం మామూలే కదా, పువ్వు కోసింది, నీళ్ళు తాగింది అంటాం. ప్రాణాలే ఠావు తప్పినాయి, ఠావు అంటే చోటు. పైగా దారి తప్పాడు, మాట తప్పాడు, ఇవన్నీ ఒకే కట్టు. దారి తప్పాడు అంటే దారి కర్త కాదు కదా.

మలక్‌పేట అన్న:
అత్తయ్యా, దారి తప్పాడుకి మీకు వెయ్యి మార్కులు. ఠావు అంటే మా నాయన తెచ్చే ఠావు కాగితాలు గుర్తుకొచ్చినయ్, పరీక్షల్ల అరఠావు మడత పెట్టి మార్జిన్ కొట్టుకునేటోళ్ళం. తమ్ముడూ, మీ చెల్లెకు ఒక అరఠావు కాగితం ఇచ్చి ఈ పద్యం రాయించు, కర్త కింద ఒక గీత, క్రియ కింద ఒక గీత. ఇంగ్లిష్ల గూడ ఇదే చెయ్యమను.

చిక్కడపల్లి తమ్ముడు:
చేయించానన్నా, థాంక్స్. కానీ ఇప్పుడు ఇంకోటి. నేను దానికి "టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ డిస్టెన్స్" అని చెప్పా, మొత్తాన్ని ఒకే దూరం కింద లెక్కపెడతారు కాబట్టి ఈజ్ అని. వెంటనే, మనం కూడా పది గంటలైంది అంటాం కదా, పది గంటలయ్యాయి అనం కదా అంది. అది నిజమే. మేము ఎనిమిదికి మొదలుపెడితే అమ్మ వంటింట్లోంచి "తొమ్మిదిన్నరైంది తినరా" అంటుంది. ఎన్నాళ్ళయింది నిన్ను చూసి అంటాం. ఆ నాళ్ళకు అయింది ఎందుకు?

కూకట్‌పల్లి:
అదే, పోతన దప్పెను మిగిలిపోయిందేమో! పాత అయ్యెను రెండు వచనాలకూ ఒకటే అని మాస్టారు చెప్పారు కదా, గంటలయ్యెను అన్నది మెల్లగా గంటలయింది అయి ఉంటుంది. నాకు ఈ థియరీ చాలా నచ్చింది, వదులుకోబుద్ధి కావట్లేదు.

మలక్‌పేట అన్న:
ఎట్లైతది అన్నా? అయింది అంటే అయినది, తోక ఉంది అని ఇంతకుముందే అనుకున్నం. అయ్యెనుకి దీనికి రూపంల సంబంధం లేదు. నా లెక్క ఏందంటే, అక్కడ అది అంటే టైం. గంటలు కర్త కాదు, టైం పది గంటలైంది. హోటల్ల బిల్లు నూట ఎనభై రూపాయలైంది అంటం, బిల్లు అయింది, రూపాయలు కాదు. ఇంగ్లిష్ల "ఇట్ ఈజ్ టెన్ ఓక్లాక్" అంటే ఆ ఇట్ ఉన్నట్టే.

కూకట్‌పల్లి:
రూపం మారినా కట్టు మిగలొచ్చు కదా అన్నా, తోక తర్వాత అతుక్కుని ఉండొచ్చు. అయినా మా ఇంట్లో నూట ఎనభై రూపాయలు అయ్యాయి అనే అంటాం. గుంటూరు వైపు మీరే కనుక్కోండి. రోజులకి మాత్రం మేమూ అయింది అంటాం. మీ థియరీ ప్రకారం రూపాయలకీ రోజులకీ ఒకటే ఉండాలి.

మలక్‌పేట అన్న:
అది నేను ఒప్పుకుంట. రోజులకి అయింది, రూపాయలకి అయ్యాయి అనేటోళ్ళు ఎందుకు అంటున్నరో నా టైం థియరీల జవాబు లేదు.

తార్నాక మాస్టారు:
భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఉస్మానియాలో పాఠం చెప్పిన ఊరు మనది, ఇలాంటివి అడగడానికి సిగ్గు పడక్కర్లేదు. తెలుగు క్రియలో నాకు ఎప్పటికీ వింతగా ఉండేది ఇంకోటి. ఏకవచనంలో ఆడమనిషి, ఆవు, బండి మూడూ వచ్చింది. బహువచనంలో ఆడవాళ్ళు మగవాళ్ళతో చేరి వచ్చారు, ఆవులూ బండ్లూ వచ్చాయి. తమిళంలో అలా కాదు, అవళ్ వేరు, అదు వేరు. ఆదిలాబాద్ గోండిలోనూ కొలామీలోనూ చూడండి, బహువచనంలో కూడా ఆడవాళ్ళు మగవాళ్ళతో కలవరు. మగవాళ్ళను చెప్పే మాటలు మహత్తు, మిగిలినవి అమహత్తు అని మనవాళ్ళు పేర్లు పెట్టింది ఇందుకే. ఇంగ్లిష్‌లో మూడో పురుష ఏకవచనానికి చివర ఒక్క ఎస్, ఇంత లోతు అసలు లేదు, కాబట్టి మీ చెల్లెలికి కష్టం కాదు.

అల్వాల్ అత్తయ్య:
లోతు లేకపోయినా ఉచ్చులున్నాయి మాస్టారూ. నేను 20 ఏళ్ళు బడిలో ఇంగ్లిష్ చెప్పాను, మన పిల్లల తప్పులు మన తెలుగులోంచే వస్తాయి. పాలు, నీళ్ళు మనకు ఎప్పుడూ బహువచనం, పాలు పొంగాయి. అందుకే "మిల్క్ ఆర్ బాయిలింగ్" అని రాస్తారు. వెంట్రుకలు రాలుతున్నాయి కాబట్టి "మై హెయిర్స్ ఆర్ ఫాలింగ్". జుట్టు అని అనుకుని రాయండి, ఈజ్ వస్తుంది అని చెప్పేదాన్ని, వెంటనే సరిదిద్దుకునేవాళ్ళు. సామాన్లు వచ్చాయి అనుకుంటే "ఫర్నిచర్స్ హ్యావ్ కమ్". నువ్వో నేనో వెళ్ళాలి అన్నామంటే మనకు గొడవే లేదు, వెళ్ళాలి చివర ఉన్న ఆలి ఎవరికైనా ఒకటే. వాళ్ళకేమో "ఐదర్ హీ ఆర్ ఐ యామ్", ఏది దగ్గర ఉంటే దాన్ని చూడాలి. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్" అన్నప్పుడు దగ్గరది చూడకూడదు. ఇది పిల్లలకు నిజంగా అన్యాయంగా అనిపిస్తుంది, మ్యాంగోస్ దగ్గర మీ చెల్లెలు పడింది ఇందుకే. తమ్ముడూ, దాన్ని తిట్టకు.

చిక్కడపల్లి తమ్ముడు:
తిట్టలేదత్తయ్యా. "స్లో అండ్ స్టెడీ విన్స్ ది రేస్" అని చెప్పా, రెండూ కలిపి ఒకటే గుణం, కాబట్టి విన్స్. ఇవాళ ప్రాక్టీస్‌లో "టైమ్ అండ్ టైడ్" వస్తే అదే లెక్కన "వెయిట్స్ ఫర్ నో మ్యాన్" అని పెట్టి వచ్చింది. టైడ్ అంటే పాత ఇంగ్లిష్‌లో కాలమే కదా, కాలమూ కాలమూ అని ఒకటే మాట రెండు సార్లు అన్నట్టు, మరి అది ఒకటి కాదా అని దాని వాదన. నాకు దాని వైపే న్యాయం ఉన్నట్టుంది గానీ ఆన్సర్ కీ లో వెయిట్ అని ఉంది.

తార్నాక మాస్టారు:
కీలో ఉన్నది పెట్టమనండి, మార్కు ముఖ్యం. సామెత అలాగే స్థిరపడింది. మనకూ ఉన్నాయి, ఉప్పూకారం తింటున్నావా అంటే ఏకవచనం, తల్లిదండ్రులు అంటే బహువచనం. ద్వంద్వం ఒకటే అయినా వాడుక ఎటు పోతే అటు. ఇంటావిడ పప్పన్నం పెట్టింది అంటే అది ఒక్కటే, బ్రెడ్ అండ్ బటర్ ఈజ్ అన్నట్టు. మళ్ళీ మన పద్యం దగ్గరికి వస్తే, ఒక్క పాదంలో దప్పెను, వచ్చె, డస్సెన్, అయ్యెడిన్, నాలుగు క్రియలకు నాలుగు తీరుల చివర్లు. పైకి చదువుకోండి, అయ్యెడిన్ దగ్గరికి వచ్చేసరికి మన ఊపిరి కూడా ఆగినట్టుంటుంది. పోతన గారి బమ్మెర ఊరి గాలికి ఏదో ఉంది.

మలక్‌పేట అన్న:
బమ్మెర మా జనగామ జిల్లా మాస్టారూ, ఆ మాట గుర్తు చేసినందుకు దండం. ఆఖరి అయ్యెడిన్ ఒక్కటే జరుగుతున్నది, మిగిలినవి అన్నీ జరిగిపోయినవి. మొసలి ఇంకా లాగుతనే ఉంది అన్నమాట.

అల్వాల్ అత్తయ్య:
చూశారా, అన్ని క్రియల్లో మనిషి ఒక్కడు లేడు. బలం, ధైర్యం, ప్రాణాలు, మూర్ఛ, తనువు, శ్రమ. ఏనుగు నేను అనే మాట ఈ రెండు పాదాల్లో ఎక్కడా అనలేదు. మూడో పాదంలో నీవే తప్ప నితఃపరం బెఱుఁగ, అంటే నేను ఎరుగను, అప్పుడు గానీ ఉత్తమ పురుష రాలేదు. నాకు ఇన్నేళ్ళూ ఇది తట్టలేదు, మీ చెల్లెలి ప్రశ్న వల్ల తట్టింది, దానికి చెప్పు.

కూకట్‌పల్లి:
అత్తయ్య చెప్పింది చదివి మొత్తం పద్యం మళ్ళీ చదివా. సరే, పోతన విషయం ఒప్పుకుంటున్నా, ఛందస్సు కాదు. గంటలైంది విషయంలో మాత్రం నేను ఇంకా ఆ థియరీ దగ్గరే ఉన్నా. ఇంకో ప్రశ్న, భారతంలోని మహాప్రస్థానంలో ధర్మరాజూ కుక్కా చివరికి ఇద్దరే మిగులుతారు కదా. మామూలు తెలుగులో అక్కడ మిగిలారు అనాలా, మిగిలాయి అనాలా? ఒకరు మహత్తు, ఒకటి అమహత్తు.

తార్నాక మాస్టారు:
తిక్కన గారి భాగమే అది. నేను రాత్రికి తీసి చూసి చెప్తాను, ఇప్పుడు ట్యూషన్ పిల్లలు వచ్చారు.

మలక్‌పేట అన్న:
మిగిలిండ్రు. కుక్క గూడ ధర్మదేవతనే గదా.

అల్వాల్ అత్తయ్య:
అది ధర్మదేవత అని అప్పటికి ధర్మరాజుకే తెలియదు కదన్నా!